చివరి విజిల్ దాకా విప్పకూడని చొక్కా

మైకోల్ సోరియా గోల్ కొట్టిన ప్రతిసారీ స్టేడియంలో పన్నెండు వేల మంది ఎగిరి గంతేసేవారు. ఒక్క ఎవారిస్తో మాత్రం తల పట్టుకునేవాడు. గోల్ అయిందన్న సంతోషం ఆయనకు మూడు క్షణాలు కూడా నిలిచేది కాదు. నాలుగో క్షణంలో ఆ కుర్రాడి చేతులు చొక్కా అంచు మీదికి పోయేవి. అయిదో క్షణానికి చొక్కా గాల్లో గిరగిరా తిరుగుతుండేది. ఆరో క్షణంలో రెఫరీ పసుపు కార్డు తీసేవాడు.

ఎవారిస్తో దెపోర్తీవో సాలాదేరో ఫుట్‌బాల్ క్లబ్బులో చొక్కాలు, బూట్లు చూసుకునే మనిషి. బ్యూనస్ ఐరిస్‌లో దక్షిణపు కొసన, ఏటి కంపు కొట్టే పేటలో ఉన్న ఆ క్లబ్బులో ముప్పై మూడేళ్లుగా అదే పని. ఉతికేది ఆయనే, చిరిగితే కుట్టేది ఆయనే, ఆట ముందు మాతే ఆకు కషాయం కాచి వరసగా ఒక్కొక్కడి చేతికీ అందించేదీ ఆయనే. ఆయన చేరిన మూడేళ్లకే క్లబ్బు పడిపోయి, ఇరవై ఏడేళ్లు కింది డివిజన్లలో బురదలో దొర్లింది. తిరిగి ఫస్ట్ డివిజన్‌కి ఎక్కి మూడేళ్లే అయింది. ఈసారి మళ్ళీ పడిపోయేలా ఉంది. పడితే ఎప్పటికి లేస్తుందో తెలియదు. ఎవారిస్తోకి అరవై ఆరేళ్లు. ఇంకో ఇరవై ఏడేళ్లు ఆగే ఓపిక ఆయనకు లేదు, ఆయుష్షూ లేదు.

ఇవన్నీ మైకోల్‌కి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. వాడి కాళ్లలో ఉన్న విద్యకి వంక పెట్టలేం. నలభై గజాల ఎత్తు నుంచి పడే బంతిని పాదం మీద పసిపిల్లాణ్ణి దించినట్టు దించుకునేవాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి కాబట్టి ఎదుటివాళ్లకి కార్నర్ వస్తే గోల్ మొదటి స్తంభం దగ్గర వాణ్ణే నిలబెట్టేవారు. అటునుంచి ఈగ కూడా లోపలికి పోయేది కాదు. కానీ ఏం లాభం? ఒక ఆటలో చొక్కా పళ్లతో పట్టుకుని కంచె ఎక్కి కూర్చున్నాడు. దింపడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఇంకో ఆటలో కార్నర్ జెండా పీకి గిటారు వాయించాడు. రెండు పసుపులు కలిసి ఎర్రగా మారి, రెండుసార్లు బయటికి పోయాడు. మర్నాడు పేపర్లో గోల్ బొమ్మ ఉండేది కాదు. వాడి బొడ్డు బొమ్మ ఉండేది.

వాడికి తోడు ఉలీసెస్ అని ఇంకొకడు. రెండు కాళ్లకి రెండు రంగుల బూట్లు వేసుకునే రకం. ఒకసారి పెనాల్టీ వస్తే నేను కొడతానంటే నేను కొడతానని ఇద్దరూ బంతి పట్టుకుని గుంజుకున్నారు. రెఫరీ సర్దిచెప్పాక ఉలీసెస్ కొట్టాడు. బంతి స్టేడియం దాటి రైలు పట్టాల మీద పడింది. ఆ ఆట ఓడిపోయారు. బస్సులో తిరిగొస్తూ ఇద్దరూ ఫోన్లో ఆ వీడియో చూసుకుని పడీ పడీ నవ్వారు. ముందు సీట్లో కూర్చున్న ఎవారిస్తోకి ఆ నవ్వులు వింటే ఒళ్లు మండిపోయింది. ఇద్దరి వీపులూ పగలగొట్టి బస్సులోంచి దింపేద్దామనిపించింది.

ఆ రాత్రే ఆయనకి ఆ ఆలోచన తట్టింది. మైకోల్‌కి బుద్ధి లేదు గానీ సెంటిమెంట్లు బోలెడు. ఎడమ మేజోడు ముందు వేసుకోవాలి. గీత మీద కాలు పెట్టకూడదు. ఆటకి ముందు మాతే ఎవారిస్తో చేతి నుంచే అందుకోవాలి, వరసలో మూడోవాడు తానే కావాలి. ఇవన్నీ దగ్గరుండి జరిపించేది ఎవారిస్తోనే. మంచి మాట వినని వాడు సెంటిమెంటు వింటాడు కదా!

తర్వాతి ఆట ముందు మైకోల్‌ని ఉతుకుల గదిలోకి పిలిచాడు. తొమ్మిదో నంబరు చొక్కా అంచు తిరగేసి, లోపల కుట్టిన ఎర్ర దారం చూపించాడు.

"ఇదేంటి పెద్దాయనా?"

"దిష్టి దారం. కొరియెంతెస్‌లో మా పిన్ని ఉంది. ఏడు శుక్రవారాలు మంత్రం వేసి పంపింది. నీ కాలి మీద ఊరి దిష్టంతా ఉందిరా."

మైకోల్ వెంటనే కుడికాలు తడుముకున్నాడు. "నేను అనుకుంటూనే ఉన్నా! మోకాలు పట్టేస్తోంది."

"కానీ ఒక్కటి. చివరి విజిల్ మోగేదాకా ఈ చొక్కా ఒంటి మీద నుంచి దిగకూడదు. దిగిందో, అక్కడితో సరి. ఆ కాలికి ఇక గోల్ అనేది ఉండదు."

"గోల్ కొట్టాక కూడానా?"

"కొట్టాక అసలు దిగకూడదు."

మైకోల్ ఆ దారాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఎవారిస్తో మొహం తిప్పుకుని సబ్బు డబ్బా వెతుకుతున్నట్టు నటించాడు.

తొమ్మిది ఆటలు, ఏడు గోల్స్. ఒక్క కార్డు లేదు. గోల్ కొట్టాక రెండు చేతులతో చొక్కా అంచుని కిందికి లాగి పట్టుకుని, చిన్నపిల్లాడు చెడ్డీ జారిపోతుందని పరిగెత్తినట్టు పరిగెత్తేవాడు. వాణ్ణి చూసి ఉలీసెస్ కూడా కాస్త దారిలో పడ్డాడు. మైకోల్ ఎదిగాడని పేపర్లు రాశాయి. "క్రమశిక్షణ అరిస్తే రాదు, చూపుతో వస్తుంది" అని కోచ్ ఇత్తూర్బె టీవీలో చెప్పాడు. తాను నేర్పిన ఊపిరి లెక్కల మహిమే ఇదంతా అని క్లబ్బు మనస్తత్వ నిపుణురాలు చెప్పింది. ఎవారిస్తో ఆ మాటలన్నీ విని, వేడినీళ్ల ఫ్లాస్కు మూత బిగించుకుని ఊరుకున్నాడు. లోలోపల మాత్రం గర్వంగానే ఉంది. చదువుకున్నవాళ్లందరూ చేయలేనిది మూరెడు దారంతో చేశాడు మరి.

చివరి ఆదివారం, సొంత మైదానంలో ఆఖరి ఆట. గెలిస్తే ఫస్ట్ డివిజన్‌లో ఉంటారు. సమం చేసినా పోతారు. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. ఉలీసెస్ ఒకటి కొట్టాడు, ఎదుటివాళ్లు ఒకటి కొట్టారు. డెబ్బై అయిదో నిమిషంలో బంతి కోసం ఎగిరిన మైకోల్ ముక్కుకి ఎవడిదో మోచెయ్యి తగిలింది. చొక్కా ముందు భాగమంతా నెత్తురు.

డాక్టరు దూది పెట్టి రక్తం ఆపాడు. రెఫరీ వచ్చి, "చొక్కా మార్చుకుని రా" అన్నాడు. అది నియమం, రక్తం మరకతో ఆడనివ్వరు.

"మార్చను" అన్నాడు మైకోల్.

"ఏంటీ?"

"నెత్తురు నాదే కదా! నాకు లేని బాధ నీకెందుకు?"

రెఫరీ మళ్ళీ చెప్పాడు. మైకోల్ రెండు చేతులతో చొక్కా అంచు పట్టుకుని గడ్డి మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. పసుపు కార్డు లేచింది. స్టాండ్స్‌లో పన్నెండు వేల మంది ఏం జరుగుతోందో అర్థం కాక ఈలలు వేస్తున్నారు. ఎవారిస్తోకి మాత్రం మొత్తం అర్థమైంది. పెట్టెలోంచి ఇంకో తొమ్మిదో నంబరు చొక్కా తీసుకుని, ఆ వయసులో, ఆ మోకాళ్లతో పరిగెత్తాడు.

"ఒరేయ్, లే. ఇది వేసుకో."

"దీంట్లో దారం ఏదీ?"

"ఉంది లేరా, లోపల కుట్టాను."

మైకోల్ అంచు తిరగేశాడు. "లేదు. అయినా ఉంటే మాత్రం? విప్పితే పోతుందని నువ్వేగా చెప్పావు! చివరి విజిల్ దాకా అన్నావా, లేదా?"

"ఏం దారం? ఎవరి దారం?" అని గీత అవతలి నుంచి కోచ్ అరిచాడు.

"ఇంకో అరనిమిషం చూస్తాను, పెద్దాయన అని ఊరుకుంటున్నా. తర్వాత ఇంకో కార్డే" అన్నాడు రెఫరీ.

ఎవారిస్తో మైకోల్ ఎదురుగా గడ్డి మీద మోకాళ్లూనాడు. ఒళ్లంతా చెమట. ముప్పై మూడేళ్లలో ఎన్నడూ మైదానం మధ్యలో ఇలా కూలబడలేదు.

"మైకోల్, విను. మంత్రం లేదు, మాయ లేదు. కొరియెంతెస్‌లో నాకు పిన్నే లేదు. ఉన్న పిన్నులంతా ఇక్కడే లానూస్‌లో ఉన్నారు, ఒక్కదానికి కూడా సరిగ్గా ప్రార్థన చెయ్యడమే రాదు. అది మా ఆవిడ కుట్టు డబ్బాలో దారంరా. నువ్వు చొక్కా విప్పకుండా ఉంటావని నేనే అల్లాను."

మైకోల్ నోరు తెరుచుకుని చూశాడు. ముక్కులో దూదితో వాడి మొహం పదేళ్ల పిల్లాడి మొహంలా ఉంది.

"మరి ఆ ఏడు గోల్స్?"

"నీవే. ఏడూ నీవే. దారానికి బంతి తన్నడం వచ్చా?"

మైకోల్ లేచి, నెత్తుటి చొక్కా విప్పి ఎవారిస్తో చేతిలో పెట్టి, కొత్తది తొడుక్కుని లోపలికి పరిగెత్తాడు. ఎవారిస్తో ఆ చొక్కాని గుండెకి ఆనించుకుని బెంచీ దగ్గరికి వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వీడు ఎదిగాడు, నిజంగానే ఎదిగాడు అనుకున్నాడు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో బంతి ఎక్కడో మధ్య గీత దగ్గర మైకోల్‌కి దొరికింది. గోల్‌కి వీపు తిప్పి నిలబడి, దాన్ని ఛాతీ మీద ఆపాడు. వెనక్కి చూడకుండానే ఒకణ్ణి అటు, ఇంకొకణ్ణి ఇటు వదిలేసి తిరిగాడు. మూడోవాడు కాలు చాపితే దాని మీదుగా బంతిని గెంటి, తాను పక్క నుంచి వెళ్లి అందుకున్నాడు. గోల్‌కీపర్ ముందుకొచ్చాడు. మైకోల్ తన్నలేదు, బూటు కొనతో బంతిని అలా ఎత్తి వదిలాడు. అది గోల్‌కీపర్ తల మీదుగా వెళ్లి వలలో పడింది. ముప్పై మూడేళ్లలో ఆ మైదానంలో ఎవారిస్తో అంతటి గోల్ చూడలేదు.

స్టేడియం దద్దరిల్లింది. కోచ్ డాక్టర్ని ఎత్తుకున్నాడు. ఎవారిస్తో మాత్రం గంతెయ్యలేదు. ఆయన కళ్లు మైకోల్ చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు అంచు మీదికి పోయాయి.

"వద్దురా! ఒరేయ్, వద్దు! కార్డుందిరా నీకు!"

చొక్కా గాల్లో గిరగిరా తిరిగింది. రెఫరీకి కూడా మనసు రానట్టుంది, జేబులో చెయ్యి పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. ముందు పసుపు, తర్వాత ఎరుపు. అప్పుడు గానీ మైకోల్ చెయ్యి ఆగలేదు. తాను ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

చొక్కా మార్చనని కూర్చున్న గొడవకి రెఫరీ ఆరు నిమిషాలు కలిపాడు. అయిదో నిమిషంలో ఎదుటివాళ్లకి కార్నర్ వచ్చింది. సాలాదేరో వాళ్లు తలా ఒకణ్ణి కాచుకున్నారు. మొదటి స్తంభం దగ్గర మాత్రం ఎవరూ లేరు. ఎవారిస్తో చూశాడు, గొంతు చించుకుని అరిచాడు, ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? బంతి నేరుగా అక్కడికే వచ్చింది. ఎవడో తల ఆనించాడు. రెండూ రెండూ సమం.

సాలాదేరో కిందికి పడిపోయింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి కూడా ఓపిక లేక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఉలీసెస్ ఒక బూటు మర్చిపోయి వెళ్లాడు. ఎవారిస్తో నేల మీది చొక్కాలు ఏరుతూ చివరి బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కడ మైకోల్ తల మీద తువ్వాలు కప్పుకుని ఇంకా కూర్చునే ఉన్నాడు.

"నువ్వే కదా చెప్పావు, ఏమీ లేదని" అన్నాడు తువ్వాలు కింది నుంచి.

ఎవారిస్తో చేతిలోని చొక్కాలన్నీ బుట్టలోకి విసిరికొట్టాడు. "దారంలో ఏమీ లేదన్నాన్రా! గోల్స్ నీవేనని చెప్పా. బుద్ధి కూడా నీదే అనుకున్నా, అదీ నా తప్పు! ఆ గోల్ రేపు ఏ పేపర్లోనూ ఉండదు, తెలుసా నీకు? నీ బొడ్డే ఉంటుంది. అంత గోల్ కొట్టి, ఛీ!"

తువ్వాలు కింద మైకోల్ భుజాలు కదులుతున్నాయి. ఎవారిస్తోకి ఇంకా తిట్టాలనే ఉంది. కానీ తన మీద తనకే అనుమానంగా ఉంది. అబద్ధం చెప్పి చెడగొట్టానా, నిజం చెప్పి చెడగొట్టానా అని ఎంత ఆలోచించినా తేలలేదు. నీరసంగా వాడి పక్కనే కూలబడ్డాడు.

చాలాసేపటికి మైకోల్ తువ్వాలు తీసి, ఒళ్లో నలిగిపోయి ఉన్న కొత్త చొక్కాని ఆయన ముందుకి తోశాడు.

"కుట్టు."

"ఏంటి కుట్టేది?"

"దారం. దీనికి కూడా."

"అది ఉత్త దారమని చెప్పాను కదరా."

"తెలుసు. కింది డివిజన్‌లో కూడా రెఫరీలు ఉంటారు కదా. కుట్టు, పెద్దాయనా."

ఎవారిస్తో వాడి మొహంలోకి చూశాడు. వెక్కిరింత లేదు. పెట్టె అడుగు నుంచి సూది, ఎర్ర దారం తీశాడు. సూది కంట్లో దారం ఎక్కించబోతే కుదరలేదు. కళ్లకి అడ్డంగా నీళ్లు. మైకోల్ రెండూ లాక్కున్నాడు. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. దారం కొస నోట్లో తడుపుకుని, మోకాళ్లు దగ్గరికి చేసుకుని, ఊపిరి బిగబట్టి మూడోసారి గురిపెట్టాడు. వేలైనా కదల్లేదు.

"ఇంత కుదురు ఉంది కదరా నీలో" అన్నాడు ఎవారిస్తో. "ఒక్క ఎనిమిది నిమిషాలు ఉండలేకపోయావా?"

మైకోల్ తల ఎత్తకుండా దారం ఎక్కించి, సూది ఆయన చేతికిచ్చాడు.