పాలీహౌస్‌కు ఎత్తుకుపోయిన బిడ్డ

2001 ఆగస్టులో నా భార్య మీనాకు నెలలు నిండకుండానే ఆడబిడ్డ పుట్టింది. తూకం పదిహేడు వందల గ్రాములు. ఊపిరి బాగుంది, పాలు తాగుతోంది, చలి మాత్రం తగలనీయకండి, తగిలితే కష్టం అని చెప్పి కృష్ణగిరి ఆస్పత్రి డాక్టరు ఆరో రోజు ఇంటికి పంపాడు.

చలి తగలకుండా చూడటం నాకు తెలిసిన పనే. బేరిగై దగ్గర ప్లాస్టిక్ కప్పు కింద రోజాలు పెంచే పాలీహౌస్‌లో ఐదేళ్లుగా చేస్తున్నది అదే. బయట ముసురు పట్టినా లోపల అంటుమొక్కలకు వెచ్చగా ఉంటుంది. మరునాడు పొద్దున బిడ్డను దుప్పట్లో చుట్టి అక్కడికే తీసుకుపోయి, అంటుమొక్కల బల్ల మీద చోటు సర్దాను.

సబ్ సెంటర్ నర్సు కాళమ్మ మా ఇంటికి వెళ్లి, సంగతి విని, పరుగున వచ్చింది.

"ఏమప్పా ఆంజప్పా, ఇది బిడ్డా, రోజా మొక్కా?"

"ఈడ వెచ్చగా ఉండాదక్కా."

"పురుగుమందు కొట్టే చోటు ఇది! పొద్దు గూకితే చల్లబడదా? ఇంటికి పద. పోతానే చొక్కా విప్పు."

"నేనా?"

"మీనా జ్వరంతో వణుకుతాంది. మాత్ర ఇచ్చినాను. పాలు ఆమె ఇస్తాది, వెచ్చన నువ్వియ్యి."

ఇంట్లో కాళమ్మ బిడ్డకు టోపీ పెట్టి, నా రొమ్ము మీద నిలువుగా ఆనించి, మీనా పాత చీరతో చుట్టి కట్టింది. తోటి పనివాళ్లు గడప దగ్గర నిలబడి, "ఆంజప్పకు ఎన్నో నెల?" అని నవ్వారు. నేను బిడ్డ ఊపిరి లెక్కపెడుతున్నాను.

మీనాకు జ్వరం తగ్గాక ఆమె కొంతసేపు, నేను కొంతసేపు కట్టుకున్నాం. ఒకరోజు కాళమ్మ బిడ్డను చూడవచ్చినప్పుడే మా మేనేజరు ప్రసాదు, పాలీహౌస్ పనికి వచ్చిన హాలండు ఇంజనీరును మా ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. దొర నా రొమ్ము మీది బిడ్డను చూసి ఏదో అన్నాడు.

"ఈయన కూతురూ ఇంతే పుట్టిందంట," అన్నాడు ప్రసాదు. "ఆరు వారాలు వెచ్చగా ఉంచే గాజుపెట్టెలో పెట్టినారంట. ఆ ఖర్చుతో ఇంకో పాలీహౌస్ కట్టొచ్చంట."

"బతికిందా?" అంది కాళమ్మ.

"కాలేజీకి పోతాందంట."

"అయితే పెట్టె మంచిదే. ఇస్తే నేను వద్దంటానా? అది వచ్చేదాకా ఈ బిడ్డ కాచుకోని ఉండలేదు కదప్పా."

దొర మళ్లీ ఏదో అడిగాడు. ప్రసాదు నవ్వాపుకున్నాడు. "బిడ్డను ఎన్ని డిగ్రీల వేడిలో పెడతావని అడుగుతాండాడు."

"నాకు జ్వరం రాకుంటే చాలు, నా ఒంటి వేడే సరిపోతాదని చెప్పు," అన్నాను.

నలభయ్యో రోజు సబ్ సెంటర్‌లో తక్కెడ ముల్లు రెండున్నర కిలోలు దాటింది. కాళమ్మ ముల్లును రెండుసార్లు చూసింది.

"ఇంక చీర పని లేదప్పా. మడిచి పెట్టుకో."

బయట జల్లు పడుతోంది. ఇంటికి రెండు మైళ్లు. బిడ్డను రొమ్ముకు ఆనించి చీర మళ్లీ కట్టుకున్నాను.