వేలం ఆగిన ఇల్లు

"మా ఆవిడా? లాయరే! కోర్టుకెళ్ళి వాదించే లాయరు కాదులే, కూర్చోబెట్టి చెప్పే లాయరు," అని భర్త ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ అంటూంటే, పక్కగదిలో ఆమె దిళ్ళకు గలీబులు తొడుగుతోంది. ఆ మాట కొత్తదేం కాదు. పెళ్ళైన ఏడాదికే పుట్టి, చుట్టాల నోళ్ళలో నాని నాని నునుపు తేలింది. అత్తగారు దాన్ని తన వీలుకు తగ్గట్టు మార్చుకున్నారు. "మా కోడలిది నోటి పని. అలసట ఏముంటుంది?" అంటారు. అందుకే ఇంటికొచ్చాక మిగతా ఒళ్ళంతటికీ పని ఉండేది.

అబద్ధమని అనడానికీ లేదు. చెప్పడమే ఆమె ఉద్యోగం. చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఉచిత సలహా కేంద్రం. ఇంటి అప్పు వాయిదాలు కట్టలేక, బ్యాంకు నోటీసు చేతబట్టుకుని, మొహాన నెత్తుటి చుక్క లేకుండా మెట్లెక్కి వచ్చేవాళ్ళకి ఆమె చెప్పేది: "వేలమంటే రేపు పొద్దున్నే వచ్చి సామాను వీధిలో పారేయడం కాదండీ. ముందు నోటీసివ్వాలి, గడువివ్వాలి, మీరు చెప్పేది వినాలి. బెదిరించి తాళాలు లాక్కునే హక్కు ఎవరికీ లేదు." వినేవాళ్ళకి పోయిన ప్రాణం లేచొచ్చేది. లాయరమ్మ అని పేరు పెట్టింది వాళ్ళే.

ఆ రోజు ఆమె కాళ్ళు నేలమీద లేవు. ఓ టైలరమ్మ ఇంటి వేలం ఆగింది. భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్న ఇల్లు. నోటీసు ఇద్దరికీ వెళ్ళాల్సింది, భర్త ఒక్కడికే వెళ్ళింది. ఆ లొసుగు పట్టుకుని లాయరమ్మ అభ్యంతరం రాసి పంపింది. బ్యాంకు వేలం ఎత్తేసి, వాయిదాలు తగ్గించి కట్టుకోమంది. కబురందుకుని టైలరమ్మ వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"మొత్తానికే ఆగిపోయిందా మేడమ్?"

"మొత్తానికే. ఇక మీ ఇంటి జోలికి ఎవరూ రారు."

టైలరమ్మ కుర్చీ తడుముకుని కూర్చుంది. సంతోషం ఎక్కువైతే కొందరు ఏడుస్తారు, లాయరమ్మ చాలామందిని చూసింది. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. కానీ ఇది ఆ ఏడుపు కాదు.

"ఇల్లు పోతే మా అక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాను మేడమ్. ఇల్లు వదిలి నేను పోతే లేచిపోయిందంటారు. ఇల్లే నన్ను వదిలేస్తే ఎవరేమంటారు? పాపం అంటారు, అంతే కదా."

లాయరమ్మ ముందుకు వంగింది. "మరి నా దగ్గరికి ఎందుకొచ్చారమ్మా?"

"ఎప్పుడు ఖాళీ చెయ్యాలో కనుక్కుందామని వచ్చాను. మీరు అడగలేదు. అంత చక్కగా చెబుతుంటే మధ్యలో అడ్డు రావడం బాగోదని నేనూ ఊరుకున్నాను." కళ్ళు తుడుచుకుని, పైపెచ్చు దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది.

ఇంటికి వెళ్ళే బస్సులో లాయరమ్మ దిగాల్సిన చోటు దాటిపోయింది. తను చేసింది మేలా, కీడా? చట్టం ప్రకారం మేలే. ఎవర్నడిగినా మేలేనంటారు. మరి ఆ మనిషి అలా ఎందుకు ఏడ్చింది?

రాత్రి వంటకి కూరగాయలు తరుగుతూ భర్తకి చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు. "ఇల్లు దక్కినందుకు ఏడ్చిందా? నీ దగ్గరికి వచ్చేవాళ్ళూ నీలాగే ఉన్నారే! ఇంతకీ వాడు కొడతాడా, తాగుతాడా?"

"ఆ సంగతేం చెప్పలేదు."

"మరింకేం రోగం?"

కొట్టడు, తాగడు, తిట్టడు. ఈ మూడూ లేకపోతే ఇక అన్నీ ఉన్నట్టేనని ఆమెకీ పెళ్ళికి ముందు ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. ఈయన మంచివాడే, ఆ మాట కాదనడానికి ఆమె దగ్గర ఒక్క సాక్ష్యమూ లేదు. అయినా ఇల్లు ఖాళీ చేయాల్సివస్తే ముందుగా ఏమేం సర్దుకోవాలో జనానికి చెప్పేటప్పుడల్లా, ఆమె మనసు చెప్పాపెట్టకుండా తన ఇంట్లోకే వచ్చి గదిగదీ తిరిగేది. ఆ సంగతి ఇప్పుడే, కత్తి చేతిలో ఉండగా, తనకి తెలిసొచ్చింది. పోనీ ఏం సర్దేది? ఎంత వెతికినా నాదీ అని చెయ్యి పడే వస్తువు కనబడేది కాదు. దుఃఖమా అంటే దుఃఖమూ కాదు. లెక్క తప్పిన చోటు తెలియని లెక్కలా ఉంది. "అమ్మాయ్, ఉప్పు మరిచిపోకు," అన్నారు అత్తగారు అవతలి గదిలోంచి. అప్పటికే పొయ్యిమీది పప్పులో ఆమె రెండుసార్లు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం లాయరమ్మ, టైలరమ్మ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని అంచు మడుస్తోంది. చూసి గాభరాపడి సూదులన్నీ తీసేసింది. "మళ్ళీ ఏమైనా గొడవా మేడమ్?"

"లేదమ్మా. నిన్న అడగాల్సింది ఇవాళ అడుగుదామని వచ్చాను. మీకేం కావాలి?"

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆలోచించింది. లాయరమ్మకి మాటలు నోటిదాకా వచ్చాయి: ఇల్లు దాటి వచ్చినంత మాత్రాన వాటా పోదు, కానీ సంతకం పెట్టిన అప్పు మాత్రం వెంట వస్తుంది... పళ్ళు బిగించి ఊరుకుంది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఆమెకి అలవాటు లేని పని.

"అక్క దగ్గరికి పోయినా అక్కడా ఒకరింటి మనిషినే," అంది చివరికి టైలరమ్మ. "ఈ కొట్టు పైన గది ఖాళీగా ఉంది మేడమ్. కిటికీ ఉంది, పంపు ఉంది. చూడ్డానికి రోజుకోసారి ఎక్కి దిగుతుంటాను. అద్దె నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు."

ఇద్దరూ ఎక్కారు. ఇనప మెట్లు. గది చిన్నది, సున్నం వాసన. కిటికీ రెక్క కాస్త బిగుసుకుంటే టైలరమ్మ భుజంతో నెట్టి తెరిచింది. లాయరమ్మ మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. ఇక్కడ ఎవరికీ ఆమె ఏమీ కాదు. ఆ ఆలోచనకి భయమేసింది, భయం వెనకాలే మరేదో కదిలింది. దానికి పేరు పెట్టలేకపోయింది.

"సగం అద్దె నేనిస్తాను," అంది.

"ఊరికే ఎందుకు మేడమ్, వద్దు వద్దు."

"ఊరికే కాదు. సగం గది నాకు కావాలి. సాయంత్రాలు వస్తాను."

టైలరమ్మ ఎగాదిగా చూసింది. "ఇల్లుంది, ఆయనున్నారు. మీకెందుకండీ గది?"

ఇన్నేళ్ళుగా ఎవరేమడిగినా తడుముకోకుండా విడమరిచి చెప్పిన మనిషి, ఆ ప్రశ్నకి కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కని ఇంకాస్త తెరిచింది.

"నాకు తెలీదమ్మా," అంది. "తెలిసేదాకా వస్తాను."