మాడిన పూలనీళ్ళు

వసీలా కడుపు మండిపోతోంది. మండదా మరి? నాబుల్ ఊళ్ళో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ, ప్రతి వసంతంలోనూ చేదు నారింజ పూలు ఏరిందీ, పొయ్యి ఊదిందీ తను. నిన్నగాక మొన్న వచ్చిన తోటికోడలు దొర్సాఫ్ పూలను బట్టీలో ఉడికించి, ఆవిరి చల్లార్చి దించిన పూలనీళ్ళను వాసన చూసి అత్తగారు మైమరచి కళ్ళు మూసుకుంది. తను దించిన సీసాను చూసి మాత్రం "బాగానే ఉందిలే" అంది.

అత్తగారు లల్లా ఖదూజాకు మోకాళ్ళు పట్టేశాయి. పుట్టింటినుంచి తెచ్చుకున్న రాగి బట్టీని ఈ ఏడు ఒక కోడలి చేతిలో పెడతానంది. బట్టీ ఎవరిదైతే వీధిలోవాళ్ళ పూలన్నీ దించడానికి వాళ్ళ దగ్గరికే వస్తాయి, పెద్దరికమూ వాళ్ళదే.

ఆ మధ్యాహ్నం దొర్సాఫ్ నమాజుకు లేచింది.

"అక్కా, కాస్త మంట చూస్తుంటావా? సన్నగానే ఉండనీ."

"నాకా చెప్తున్నావు? వెళ్ళు."

ఆమె లోపలికి వెళ్ళగానే వసీలా రెండు ఒలీవ దుంగలు పొయ్యిలోకి తోసింది. పెద్ద పాపమేమీ కాదని తనకు తనే సర్దిచెప్పుకుంది. మంట ఎక్కువైతే నీళ్ళు చప్పగా దిగుతాయి, దొర్సాఫ్ పరువు కాస్త పోతుంది, మళ్ళీ బట్టీ పెడితే అంతా మామూలే.

కాసేపటికి బట్టీ గొట్టంలోంచి పూలవాసన బదులు పొగవాసన వచ్చింది. పరుగున వచ్చిన దొర్సాఫ్ మూత ఎత్తితే, అడుగున పూలు నల్లగా అంటుకుపోయి ఉన్నాయి. లల్లా ఖదూజా గోడ పట్టుకుంటూ వచ్చింది.

"నా కాళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదర్రా. ఏంటిది?"

"ఏముంది అత్తయ్యా, ఈ నీళ్ళనే మళ్ళీ బట్టీ పెడదాం. ఆవిరైంది మళ్ళీ నీళ్ళవుతుందిగా" అంది వసీలా.

"నీళ్ళు ఆవిరైనా నీళ్ళేనమ్మా, చల్లబడితే తిరిగొస్తాయి. మాడిన పువ్వు ఇంక పువ్వు కాదు, అది వేరే వస్తువు. దాని కంపు ఈ నీళ్ళలో కలిసింది, ఎన్నిసార్లు దించినా వెంటే వస్తుంది. ఇంతకీ మంట దగ్గర ఎవరున్నారు?"

వసీలా చూపు పొయ్యిలోని దుంగల మీదకు పోయింది.

"నేనే అత్తయ్యా. కునుకు పట్టింది" అంది దొర్సాఫ్.

ముసలావిడ నిట్టూర్చింది. "అయితే బట్టీ నువ్వే తీసుకో వసీలా."

కోరుకున్నది చేతికి వచ్చింది. ఒక్క క్షణమైనా సంతోషం కలగలేదు. దొర్సాఫ్ మాడిన పాత్ర తోముతుంటే వసీలా వెళ్ళి పక్కన నిలబడింది.

"ఎందుకలా చెప్పావు?"

"దుంగలు వాటంతటవే పొయ్యిలోకి నడిచిరావని నాకు తెలీదా?" దొర్సాఫ్ తలెత్తలేదు. "బట్టీ నీకే ఇమ్మని పొద్దునే అత్తయ్యకు చెప్పాను. నీకది కావాలని తెలుసు. నాకేమో అక్క కావాలనుకున్నాను."

వసీలా ఏడ్చింది, తప్పయిపోయిందంది. దొర్సాఫ్ "పోనీలే" అంది. ఆ తర్వాత కూడా పలకరించింది, రొట్టె పంచింది, ఒక్క మాట తూలలేదు.

ఇప్పుడు వీధి పూలన్నీ వసీలా దగ్గరికే వస్తాయి. దొర్సాఫ్ మాత్రం తన వాటా పూలు మూటగట్టుకుని, అక్కడి బట్టీలో దించుకోవడానికి పుట్టింటికి వెళ్తుంది. అక్కడ ఆమె నమాజుకు లేచినప్పుడు మంట ఎవరికి అప్పగిస్తుందో, ఆ మనిషి మీద వసీలాకు చెప్పలేనంత అసూయ.