ఫొటోలో లేని కుర్చీ

మా బావమరిది మేడ గురించి ఇంటర్నెట్లో మొట్టమొదట రాసినవాడు పై అంతస్తులో ఉండి ఖాళీ చేసి వెళ్లిపోయిన కంపౌండరు. రాసింది మూడే ముక్కలు. "నీళ్లు రావు. లిఫ్టు రాదు. ఓనరు అసలే రాడు." దాని పక్కన ఒక్క స్టారు పెట్టాడు. ఆ ఒక్కటీ ప్రేమతో పెట్టింది కాదు. ఒక్కటైనా పెట్టకపోతే అది తీసుకోదట.

అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ కంపౌండరును చూసి మిగతావాళ్లకూ చెయ్యి తిరిగింది. చెమ్మ గురించి ఒకరు, మెట్ల మీద బల్బు గురించి ఒకరు, నా మాటతీరు గురించి ఇద్దరు రాశారు. వాటాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. టు-లెట్ బోర్డుకు ఎండ తగిలి, చివరికి "లెట్" ఒక్కటే మిగిలింది.

మేడ ఆయనది. తాళాలు నావి. ఆయన పెద్ద చదువులు చదివాడు, నేను ఏడో తరగతిలో మానేశాను. ఆ తేడా మేడకూ తాళాలకూ మధ్య ఎంత ఉంటుందో అంతే. బయటివాళ్ల ముందు నన్ను మేనేజరంటాడు. బయటివాళ్లు లేనప్పుడు బావా అంటాడు. మోటారు కాలిపోయినప్పుడు మాత్రం ఏమీ అనడు, నా వైపు చూస్తాడంతే.

మేడ కట్టినప్పుడు, "అక్కా, నువ్వు కింద ఉంటే నాకు బెంగ ఉండదు," అని మమ్మల్ని తీసుకొచ్చి కింది వాటాలో పెట్టింది ఆయనే. కాగితం గీగితం ఏమీ లేదు. తోడబుట్టినవాళ్ల మధ్య కాగితాలేమిటి అనుకునే కాలం. అప్పటికి మా ఆవిడ మోకాళ్లు బాగానే ఉండేవి. ఇప్పుడు వాకిట్లోని రెండు మెట్లు దిగాలన్నా నా భుజం కావాలి. డాక్టరు మెట్ల జోలికి వెళ్లొద్దన్నాడు. ఆయన చెప్పక ముందే మోకాళ్లు చెప్పాయి.

పేరు బాగుచేసే మనిషంటూ బావమరిది ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. అద్దె ఇళ్లకు ప్రచారం చేయడం, ఇంటర్నెట్లో ఓనర్ల పరువు నిలబెట్టడం ఆమె ఉద్యోగం. స్టార్లమ్మాయి అని పేరు పెట్టాను. అందరూ అలాగే పిలవసాగారు. మాట్లాడుకోవడానికి మా ముందు గదిలోనే కూర్చున్నారు. బావమరిది మొదట అడిగింది ఆ రాతలన్నీ తీసిపారేయమని.

"రాసినవాళ్లు తీస్తేనే పోతాయి సార్. మీ వల్ల కాదు, నా వల్లా కాదు," అంది ఆ అమ్మాయి.

"మరి నిన్ను పిలిచిందెందుకు?"

"కప్పెట్టడానికి. మంచివి పైన పడుతుంటే చెడ్డవి అడుక్కి పోతాయి."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటోందని నాకు తెలిసింది. తమ్ముడికి తెలియలేదు. అక్క వింటోందా లేదా అన్నది ఆయన ఏనాడూ చూసుకోలేదు.

ఆ అమ్మాయి పద్ధతి ఒకటుంది. ఎవరు ఏం రాసినా, మంచైనా చెడైనా, ఆ రోజే ఓనరు పేరుతో జవాబు పడాలి. బావమరిదికి అవన్నీ చదివే తీరిక లేదు కాబట్టి ఆమెనే రాసేయమన్నాడు. కంపౌండరుకు రాసింది: "మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు. మీ సౌకర్యమే మా ధ్యేయం." దాని కింద కంపౌండరు, "ఇప్పుడైనా నీళ్లొస్తున్నాయా?" అని రాశాడు. దానికీ కృతజ్ఞతలు చెప్పింది.

తర్వాత ఫొటోల కోసం ఖాళీ వాటాలన్నీ తిప్పి చూపించాను. మొదటిదాంట్లో గోడ నిండా చెమ్మ, కింద సున్నం పెచ్చులు. రెండోదాంట్లో కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ. ఆ గోడకూ ఒక కిటికీ ఉంది. అందులో పళ్లు తోముకుంటున్న ఆయన మమ్మల్ని చూసి తల ఊపాడు. పై అంతస్తుకు చేరేసరికి ఆ అమ్మాయికి ఆయాసం వచ్చింది. కెమెరా బయటికి తీసింది, గది చూసింది, మళ్లీ లోపల పెట్టేసింది. కిందికి దిగి మంచినీళ్లు కావాలని మా ఇంట్లోకి వచ్చింది.

సగం గ్లాసు తాగి ఆగిపోయింది.

మా ఇంట్లో గొప్ప సామానేమీ లేదు. పాత చీర చింపి కుట్టిన పసుపు కర్టెన్లున్నాయి. పగుళ్లలో సిమెంటు మెత్తి, మిగిలిన రంగు డబ్బాలన్నీ కలిపి మా ఆవిడ వేసుకున్న గోడ ఉంది. ఆ రంగుకు పేరు లేదు, కానీ పొద్దున ఎండ పడితే బాగుంటుంది. పాత తలుపు చెక్కతో నేను చేసిన అలమర, దాని మీద సీసాల్లో మొక్కలు. గచ్చు రోజూ తుడుస్తుంది, కూర్చుని తుడుస్తుంది, వంగలేదు కాబట్టి.

"ఇదే," అంది స్టార్లమ్మాయి.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి పోయాయి. దండెం మీది నా బనియన్లు, గుమ్మం దగ్గర నా చెప్పులు, నా మందుల డబ్బా. చివరికి కిటికీ దగ్గరున్న నా పేము కుర్చీ దగ్గర ఆగింది. దాని చెయ్యి ఒకటి విరిగితే కరెంటు తీగతో కట్టాను. సాయంత్రాలు నేను కూర్చునేది అందులోనే. ఇంట్లో నాదని చెప్పుకోదగ్గది అదొక్కటే.

"అంకుల్, ఈ కుర్చీ కొంచెం పక్కకి..."

"కొంచెమంటే ఎంత?"

"మొత్తం," అంది.

కుర్చీ మెట్ల కిందికి, మోటారు పక్కకు పోయింది. ప్రకటన పడింది. "వెలుతురు నిండిన ఇళ్లు" అని పెద్ద అక్షరాలు. ఇళ్లు అని ఉంది కానీ వెలుతురున్నది ఒక్క ఇంట్లోనే.

జనం రావడం మొదలైంది. ముందు మా ఇల్లు చూపించి, పైది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కాస్త రంగు వేయాలంతే, అని చెప్పమని బావమరిది హుకుం. ఎవరైనా వస్తున్నారంటే నేను మా ఇంట్లోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరికేసి, తాళాల గుత్తి పట్టుకుని, మళ్లీ తలుపు కొట్టి లోపలికి తీసుకెళ్లేవాణ్ని. ఒకావిడ చుట్టూ చూసి, ఇక్కడెవరుంటున్నారని అడిగింది. ఒక కుటుంబం అన్నాను. మంచివాళ్లలా ఉన్నారంది. ఆవిడ మంచిదేనన్నాను.

మా ఆవిడకు మొదట్లో సంబరంగానే ఉండేది. వచ్చినవాళ్లు కర్టెన్లు పట్టుకు చూసి మెచ్చుకునేవారు. పోనుపోను అది కాస్తా చాకిరీ అయింది. కూర మాడితే ముందు కిటికీ తెరిచేది, తర్వాత స్టవ్ ఆపేది. పక్క మీద ఎవరైనా కూర్చుంటే లేచేదాకా దుప్పటి వైపే చూసేది. ఆ ఎవరైనా నేనే.

అలా ఉండగా ఒక పళ్ల డాక్టరు, భార్య వచ్చారు. కింద చూశారు, పైన చూశారు, మళ్లీ కిందికొచ్చారు. మాకు ఇదే కావాలన్నారు. ఏళ్ల తరబడి ఉంటామన్నారు. ఓనరుతో మాట్లాడమని పంపించాను, ఇంకేం చేయను.

అసలే రాని ఓనరు మర్నాడే వచ్చాడు. నా కుర్చీ ఉండే చోట ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముందు అక్క మోకాళ్ల గురించి అడిగాడు. ఏదో నూనె మంచిదట, పేరు గుర్తులేదన్నాడు. టీ తాగాడు. పై అంతస్తులో గాలి బాగా వస్తుందన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. మా ఆవిడకు నూనె దగ్గరే అర్థమైంది.

"లిఫ్టో?" అంది.

"చేయిస్తాను అక్కా."

"చేయించు. చేయించాక మారతాను."

"వాళ్లు నెలాఖరుకి దిగుతామంటున్నారు. ఇలాంటి బేరం మళ్లీ దొరకదు." నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి బావా."

"మీ అక్క పైకెక్కితే మళ్లీ కిందికి దిగదయ్యా," అన్నాను.

"దిగాల్సిన పనేముంది బావా? కావలసినవన్నీ మీరు తెచ్చిపెడతారుగా."

అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, నెలాఖరని మరోసారి చెప్పి వెళ్లిపోయాడు. నాలుగు దులుపుదామని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో చాలాసార్లు అక్కడిదాకానే వచ్చింది. దులిపి ఎక్కడికి పోతాం? ఈ వయసులో ఇంకో తాళాల గుత్తి నాకెవరిస్తారు? మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. కూరల బండి వాడు ఆగి పలకరించాడు. రేపు రమ్మంది. పై అంతస్తు కిటికీలోంచి బండి కనిపిస్తుంది కానీ మాట వినబడదు.

మర్నాడు స్టార్లమ్మాయి వచ్చింది. ఉంటున్నవాళ్లందరి చేతా నాలుగు మంచి మాటలు రాయించమని ఓనరు చెప్పాడట. మేం ఇల్లు మారే సంగతి ఆమెకు తెలియదు, మేమూ చెప్పలేదు. "ఎన్నాళ్లుగానో ఉంటున్నవాళ్లు రాస్తే దానికి విలువెక్కువ ఆంటీ. మీరు రాయాలి," అంది.

"రాస్తాలే. రాసింది మా తమ్ముడు పొరపాటున ఎక్కడైనా నొక్కితే పోదు కదా?"

"పోదాంటీ. మీరు తీస్తే తప్ప పోదు."

"అయితే మంచిది," అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి వెళ్లాక మా ఆవిడ చెబుతుంటే ఫోనులో ఒక్క వేలితో నేను కొట్టాను. తప్పు పడ్డ చోటల్లా దిద్దింది. తను పదో తరగతి దాకా చదివింది, ఆ సంగతి అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంది. రాసింది ఇదీ:

"ఈ మేడ కట్టినప్పటి నుంచీ కింది వాటాలో ఉంటున్నాను. ఓనరు నా సొంత తమ్ముడు. నాకు మోకాళ్లు బాగోలేవు, మెట్లెక్కలేను. ఈ ఇల్లు నీదే అక్కా, నువ్వున్నన్నాళ్లూ నిన్ను ఇక్కణ్ణించి ఎవరూ కదపరు అని మేం దిగిన రోజున మాటిచ్చాడు. ఇవాళ్టికీ ఆ మాట మీదే ఉన్నాడు. ఇలాంటి ఓనరు దొరకడం అదృష్టం. ఫొటోల్లో ఉన్నది మా ఇల్లే. లిఫ్టు బాగుచేయించి పై ఇళ్లు కూడా ఇలాగే చేయిస్తానంటున్నాడు."

"ఆ మాట నిజంగా ఇచ్చాడా?" అని అడిగాను.

"ఇచ్చాడు. మీరప్పుడు మోటారు దగ్గరున్నారు."

"మరి పై ఇళ్లు చేయిస్తానన్నది?"

"అంటాడు," అంది. అయిదు స్టార్లూ తనే నొక్కింది.

ఇంకా పొద్దు గుంకకముందే ఓనరు పేరుతో జవాబు పడింది. స్టార్లమ్మాయి మనసు పెట్టి రాసింది. "కృతజ్ఞతలు అక్కా. ఇది ఎప్పటికీ నీ ఇల్లే. నువ్వు మా దగ్గర ఉండటం మాకు గౌరవం. లిఫ్టు, పై ఇళ్ల పనులు త్వరలోనే మొదలుపెడుతున్నాం." అక్కా అన్న మాట ఉంటే చదివేవాళ్ల గుండె కరుగుతుందనుకుందట.

కరిగింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు బొటనవేళ్లు ఎత్తారు. ఈ కాలంలో ఇలాంటి తమ్ముడా అని రాశారు. కంపౌండరు కూడా ఊడిపడ్డాడు. నీళ్లు రాని రోజుల్లో మాకు బిందెడు పోసింది ఆవిడే, ఆవిడ చెప్పిందంటే నమ్ముతాను అని రాసి, తన ఒక్క స్టారును రెండు చేశాడు. మిగతావి లిఫ్టు ఎక్కాక చూద్దామన్నాడు.

పళ్ల డాక్టరు భార్య కూడా చదివింది. మోకాళ్లు బాగోలేని మనిషిని లేపి ఆ ఇంట్లో దిగితే మాకు అన్నం సయించదు, ఎలాగూ బాగుచేయిస్తామన్నారుగా, లిఫ్టు నడిచాక పైదే తీసుకుంటాం అని బావమరిదికి ఫోను చేసింది.

ఆయన ఫోను కాలే గిన్నెలా పట్టుకుని వచ్చాడు. ఈసారి స్టూలు వేసుకోలేదు.

"ఏంటక్కా ఇది?"

"బాగా రాలేదా? మీ బావ కొట్టారు. తప్పులేమన్నా ఉన్నాయా?"

"తీసెయ్ ముందు."

"నువ్వే రాయించమన్నావటగా," అంది మా ఆవిడ. కోపం లేదు, నవ్వూ లేదు. బియ్యం ఏరుతోంది.

ఆయన స్టార్లమ్మాయికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. మాకు వినిపించాలనే పెట్టాడు. ఆ అమ్మాయి భయపడిపోయింది. దాని జోలికి మాత్రం పోవద్దు సార్ అంది. మనకున్న మంచి అదొక్కటే, ఇప్పుడది మాయమైతే అక్కను గెంటేశాడని రాస్తారు, అప్పుడు నేనే కాదు ఎవరూ ఏమీ చేయలేరు అంది. ఆపైన అడిగింది. "నేను మీ పేరుతో రాసిన జవాబులో ఏమైనా తప్పుందా సార్? మీ మనసులో ఉన్నదే అనుకుని రాశాను."

మా ఆవిడ చేటలోంచి తలెత్తింది. ఆయన నా వైపు చూశాడు, మోటారు కాలిపోయినప్పుడు చూసినట్టే. ఈసారి కాలింది మోటారు కాదు కదా, గుత్తిలో తాళాలు సర్దుకున్నాను.

"తప్పేం లేదు," అన్నాడు ఫోనులోకి.

లిఫ్టు మనుషులు వచ్చారు. వాళ్ల వెనక మెట్లెక్కి దిగింది నేను. పై వాటా చెమ్మకు గోడలు చెక్కించి, రంగులు వేయించి, మురికి కాళ్లతో తిరిగిందీ నేనే. పళ్ల డాక్టరు పైన దిగాడు. బావమరిది ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, అక్కను కళ్లల్లో పెట్టుకు చూసుకుంటున్నానని చెబుతున్నాడు. నమ్ముతున్నాడు కూడా. మొన్న వచ్చినప్పుడు నూనె తెచ్చాడు. వేరే నూనె.

స్టార్లమ్మాయి కొత్త ఫొటోలకు వచ్చింది. జనం అడుగుతున్నారు, ఈసారి ఆంటీ కూడా ఫొటోలో ఉండాలంది. మా ఆవిడ నన్ను కుర్చీ తెమ్మంది. మెట్ల కింద మోటారు చమురు పట్టి ఉంటే తుడిచి తెచ్చి, కిటికీ దగ్గర దాని చోట దాన్ని వేశాను. ఆ అమ్మాయి కరెంటు తీగ వైపు చూసి నోరు తెరిచింది. మా ఆవిడ వెళ్లి అందులో కూర్చునేసరికి మూసుకుంది. ఫొటో బాగా వచ్చిందట. నేను చూడలేదు. ఆ సమయానికి రెండో వాటా చూడటానికి వచ్చినవాళ్లకు తలుపు తీస్తున్నాను.

వాళ్లను తర్వాత కిందికి తీసుకొచ్చి మా ఇల్లు చూపించాను. కుర్రజంట. ఆ అబ్బాయికి కుర్చీ తెగ నచ్చింది. తీగ మీద చెయ్యి వేసి చూసి, "ఇది ఇంటితో పాటు వస్తుందా?" అని అడిగాడు.

"రాదు," అన్నాను. "అందులో ఒకాయన ఉంటున్నాడు."