ఒక మాటకి సరిపడా కంప్యూటర్

పాత కంప్యూటర్ కాలిపోయిన సాయంత్రం నుంచి వీరభద్రం పూర్తిగా రావడం లేదు. ఎడమ భుజం, మెడ, కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి మాత్రం వచ్చాయి. మిగతా మనిషి పళ్ళెంలో కోసి పెట్టిన మైసూర్‌పాక్‌లా ముక్కలు ముక్కలుగా సోఫా మీద కూర్చుని ఉన్నాడు. గ్లాసులోంచి ఒలికిన కాఫీ గాలిలోనే ఆగింది. అది ఎప్పుడు పడినా సోఫా పాడవకూడదని సూర్యకళ కింద ఒక గిన్నె పెడుతుంది.

సూర్యకళ ఆయన భార్య. కాకినాడలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తుంది. కదలకండి, ఊపిరి బిగబట్టండి అని పొద్దస్తమానం జనానికి చెప్పడమే ఆమె పని, ఒక్కడూ వినడు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట అని ఎరగదు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ చెప్పకుండానే ఆగిపోయాడు.

సాయంత్రాలు ఇద్దరూ చెరో రిమోట్ పట్టుకుని పక్కపక్కన కూర్చుని కంప్యూటర్లో ఒక లారీ ఆట ఆడేవారు. లారీ తోలేది ఆమె, వెనకాల మూటలు పడిపోకుండా పట్టుకోవాల్సింది ఆయన. ఆ రోజు ఆట మధ్యలో వీరభద్రం కాఫీ గ్లాసు అందుకుని, గొంతు సవరించుకుని, “కళా, నీతో ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు మరి” అన్నాడు. కంప్యూటర్ టప్పుమంది. తరవాతి మాట కోసం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అలా గొంతు సవరించుకున్నది ఒక్కసారే. అప్పుడు ఉద్యోగం పోయిందని చెప్పాడు. ఈసారి ఆయనే తనని వదిలి పోతానంటాడేమోనని సూర్యకళ భయం. అన్నం వండుకుంటుంది, తినలేదు. పడుకుంటుంది, కళ్లు మూతపడవు. ఆ తెరిచిన నోటి ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా తల వంచుకుని వెళుతుంది.

స్కానింగ్ సెంటర్ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన పక్కన పెడితే ఒక కనురెప్ప దిగింది. అది మళ్లీ లేవలేదు. మనిషి నడవాలంటే మామూలు కంప్యూటర్లు చాలవని, ఆటలాడే కంప్యూటర్ కావాలని, అదీ మన చేత్తో మనమే బిగించుకోవాలని పక్కింటావిడ చెబుతుంది. వాళ్ల ఆడపడుచు ఇంట్లో ఇలాగే అయిందట. ఇప్పుడు ఆ అన్నయ్యగారు మేడ మెట్లు కూడా ఎక్కుతున్నారట.

సూర్యకళ పోపుల డబ్బా తీసుకుని బయల్దేరుతుంది. అందులో ఆవాల కింద, ఎప్పటికైనా పనికొస్తాయని దాచుకున్న మధ్యాహ్నపు కునుకులు ఉన్నాయి.

నూకరాజు దుకాణం మెయిన్ రోడ్డులో ఉంది. ముందు భాగం కాకినాడ ఎండలో ఉంటుంది, వెనక గోడౌన్లో ఇంకా తెల్లవారలేదు. నూకరాజు రెండిటి మధ్యా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముఖంలో సగం మీద చెమట, సగం మీద మంచు.

“ఏ ఆటకండి?” అని అడుగుతాడు.

“ఆటకి కాదండి. మా ఆయనకి.”

“ఆయ్. బరువెంతుంటారండి?”

“మనిషి మామూలేనండి. చెప్పాల్సిన మాటే బరువు.”

నూకరాజు తలాడిస్తాడు. కునుకుల్ని డబ్బాలోంచి తీసి, ఆవాలు దులిపి, బల్ల మీద పరిచి పూలదండకి వేసినట్టు మూరలు వేస్తాడు. ఒక కునుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఆవలించి, మళ్లీ జాగ్రత్తగా పెడతాడు.

“మధ్యరకం వస్తాదండి. పెద్ద సరుక్కి చాలదు. పోనీ చిన్నది తీసుకున్నారనుకోండి, మిగిలిన కునుకు రేపటికి పులిసిపోద్ది. ఏది ఘనంగా ఉండాలో, ఏది సర్దుకుపోవాలో మీరే చెప్పాలండి.”

ఏది సర్దుకుపోవాలో చెప్పమంటే సూర్యకళకి ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. ఇన్నేళ్లూ ఆ లెక్క ఆమెని అడిగినవాళ్లు లేరు, సర్దుకుపొమ్మన్నవాళ్లే.

ప్రాసెసర్లు అగ్గిపెట్టెల్లో ఉన్నాయి. నూకరాజు ఒక పెట్టె తెరుస్తాడు. “సందు చివర, కొబ్బరిబొండాల బండి పక్కన” అంటుంది ప్రాసెసర్. సూర్యకళ ఇంకా నోరు విప్పలేదు. ఆ తరవాత గుర్తొస్తుంది, తిరిగి వెళ్లేటప్పుడు ఆటో ఎక్కడ దొరుకుతుందో అడగాలని.

“దుకాణంలో ఇదే గొప్పదండి. అడక్కముందే చెప్పేద్ది” అంటాడు నూకరాజు, సొంత పిల్లాడి మార్కులు చెబుతున్నట్టు.

అగ్గిపెట్టె గొంతు సవరించుకుంటుంది. అది వీరభద్రం గొంతు. “కళా, నీతో ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు మరి. నేను...”

సూర్యకళ పెట్టె మూసేస్తుంది. మూత మీద అరచెయ్యి నొక్కిపెట్టి, లోపలి గొంతు సద్దుమణిగేదాకా అలాగే ఉంచుతుంది.

“తెలిసిపోయేదేగదండి” అంటాడు నూకరాజు, మెల్లగా.

“మంచో చెడో, ఆయన మాట ఆయనే చెప్పాలండి. అగ్గిపెట్టె చెబితే నేను వినను.”

నూకరాజు మధ్య వరుసలోంచి మరో పెట్టె తీస్తాడు. అందులోది అడిగినదాన్ని చివరిదాకా వింటుంది. గుటక వేస్తుంది. ఇంకోసారి చెప్తారా అని మర్యాదగా అడిగి, అప్పుడు సరైన జవాబు చెబుతుంది. సూర్యకళకి అది వెంటనే నచ్చుతుంది. ఇలాంటి మనిషి ఇంట్లో ఒకడుంటే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటోంది.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర కాస్త గొడవవుతుంది. అన్నిటికన్నా పెద్ద కార్డు ఒక కొస దుకాణంలో ఉంది, మిగతాది గోడలోంచి బయటికి వెళ్లి రోడ్డు దాటింది. అవతల ఎవరో ఆడవాళ్లు దాని మీద వడియాలు పెట్టుకున్నారు. దాని ఫ్యాన్ల గాలికి అవి గంటలో ఎండుతాయని వాళ్ల మురిపెం. నూకరాజు ఈ కొసన ఉన్న అద్దంలోంచి చూడమంటాడు. అందులో ఇంటి దగ్గర సోఫా మీద వీరభద్రం కనబడతాడు. ముక్కలు లేవు, మొత్తం మనిషి. చొక్కా నేతలో పోగులు కనబడతాయి, చర్మం మీద రంధ్రాలు కనబడతాయి, దాని కింద పక్కటెముకలు, చిన్నప్పుడు సైకిలు మీంచి పడి విరిగి అతుక్కున్న ఎముక, ఆ వెనకాల ఇంకేదో ముడుచుకుని పడుకుని ఉంది. సూర్యకళ ముఖం తిప్పేసుకుంటుంది.

“పొద్దుట్నించీ జనం లోపల చూడ్డమే నా పని. ఇంటికెళ్లి కూడా చూడమంటారేంటండి?”

“అంత వివరం మరెక్కడా రాదండి.”

“వద్దండి బాబూ. దీనికే కునుకులన్నీ పోస్తే మిగతావి ఏం పెట్టి కొనను?”

చిన్న కార్డులో వీరభద్రం ఎవరింటి ఆయనో అన్నట్టు ఉన్నాడు. మధ్యరకం దాంట్లో ఆయనే ఉన్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ వదిలేసే చెవి కింది వెంట్రుకలు కూడా ఉన్నాయి. లోపలేముందో కనబడదు. సూర్యకళ మనసు కాస్త కుదుటపడుతుంది, ఆ కార్డుని తువ్వాల్లో చుట్టమంటుంది.

వీటికి సరిపడే మదర్‌బోర్డు, అన్నీ బిగించుకునే క్యాబినెట్ పెట్టె నూకరాజే చూసి ఇస్తాడు. మెమరీకి ఇద్దరు కవలల్ని పిలుస్తాడు. వేలెడంత పొడుగు, ఒకే రంగు చొక్కాలు. “వీళ్లని పక్కపక్కన కూచోబెట్టకండి. మజ్జిలో ఒక కాళీ వదలాలి. అప్పుడే ఒకళ్ల మాట ఒకళ్లు వింటారు” అని జాగ్రత్త చెబుతాడు. సూర్యకళ పవర్ సప్లై దగ్గర కొంచెం తగ్గిద్దామని చూసేసరికి మాత్రం నూకరాజు స్టూలు మీంచి లేస్తాడు.

“ఎక్కడైనా పీనాసితనం చెయ్యండి, కరెంటు దగ్గర వద్దండి. ఇది బాగోపోతే పోతా పోతా అందర్నీ తీసుకుపోద్ది.”

ఆమె మంచిదే తీసుకుంటుంది. నిద్రపోతున్న చంటిబిడ్డంత బరువుంది. డబ్బాలో ఇక ఆవాలే మిగులుతాయి. ఇంత తేలిగ్గా ఖర్చయిపోయినందుకు బాధపడాలి గానీ, ఎందుకో హాయిగానే ఉంటుంది.

ఇంటికొచ్చి అద్దం తలుపున్న క్యాబినెట్‌ని హాల్లో నిలబెడుతుంది. బయటికి అది మోకాలెత్తు ఉంది. తలుపు తీస్తే లోపల గది పొడుగ్గా సాగిపోతోంది. సూర్యకళ కొంగు బొడ్లో దోపి, స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి నడుస్తుంది. మదర్‌బోర్డుని నేల మీద పరిచి మరలు బిగిస్తుంది. ప్రాసెసర్‌ని నొక్కదు, దానంతట అది కూర్చునేదాకా ఆగుతుంది. దాని నెత్తిన చల్లదనం కోసం బఠాణీ గింజంత పేస్టు పెడుతుంది. కవలల మధ్య ఖాళీ వదులుతుంది. వాళ్లు అప్పుడే ఏదో గుసగుసలాడుకోవడం మొదలుపెడతారు. బయటికొచ్చి తలుపు మూసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతుంది.

ఒక కేబుల్ మిగిలింది. దాని ఒక కొస వీరభద్రం చొక్కా జేబులో పెట్టి, రెండో కొస కంప్యూటర్ వెనకాల దూరుస్తుంది. తను ఊపిరి బిగబట్టి స్విచ్చి నొక్కుతుంది.

ఫ్యాన్లు తిరుగుతాయి. బాగున్నానన్నట్టు కంప్యూటర్ ఒక్క కూత కూస్తుంది. వీరభద్రం కదలడు. పైగా ఇన్నాళ్లూ నిలకడగా ఉన్న ఎడమ భుజం కూడా ముక్కలవుతుంది.

సూర్యకళ సోఫా ముందు నిలబడిపోతుంది. పెద్ద కార్డే కొనాల్సిందేమో. కాదు, ఆమెని కలచివేసేది అది కాదు. మెషీను బాగానే ఉందేమో, ఆయనకే ఇటు రావాలని లేదేమో. ఆ ఆలోచన వచ్చాక ఏడుపు ఆగదు. ముక్కు చీదుకుని నూకరాజుకి ఫోన్ చేస్తుంది.

“అన్నీ పెట్టానండి. రావట్లేదండి.”

“కేబులు ఎక్కడ పెట్టారండి?”

“వెనకాల. పైన.”

“పైన ఉన్నది బోర్డుదండి. కార్డు దగ్గర పెట్టాలి. ఓ జానెడు కిందకి చూడండి, అడ్డంగా ఉంటాది.”

“అంతేనా అండి?”

“అంతేనండి. అందరూ అక్కడే పెట్టి ఏడుస్తారు.”

ఆమె కేబుల్‌ని జానెడు కిందకి మారుస్తుంది.

ముందు కాలివేళ్లు వస్తాయి. తరవాత మోకాళ్లు, పొట్ట, గుండీ ఊడిన చొక్కా. స్కానింగ్ సెంటర్ ల్యాప్‌టాప్‌తో దిగిన కనురెప్ప పైకి లేస్తుంది. కాఫీ గిన్నెలో పడుతుంది. వీరభద్రం నోరు కదులుతుంది. సూర్యకళకి ఆ క్షణంలో కేబుల్ మళ్లీ లాగెయ్యాలనిపిస్తుంది. లాగదు.

“నాకు ఈ ఆట రాదు కళా” అంటాడు వీరభద్రం.

ఆమె కేబుల్ మీంచి చెయ్యి తీస్తుంది.

“ఒక్కరోజు కూడా ఆడలేదు. నా రిమోట్‌లో బ్యాటరీలే లేవు. మొదట్లోనే తీసి గోడ గడియారంలో వేశాను. కొత్తవి తేవడం మర్చిపోయాను. తరవాత చెబుదామంటే మొహం చెల్లలేదు. నువ్వు నవ్వుతా లారీ తోలతంటే పక్కన కూచోడం బాగుండేది. అందుకని ఊరికే నొక్కుతా కూచున్నాను.”

“ఇదా?”

“ఇదే.”

“ఇంకేం లేదా?”

“ఇంకేం ఉంటాది?”

సూర్యకళ ఉన్నచోటే నేల మీద కూలబడుతుంది. నవ్వు వస్తుంది. ఆయన పాదం పట్టుకుని, అది మొత్తం ఉందో లేదో వేళ్లన్నీ తడిమి చూసి, మళ్లీ నవ్వుతుంది. ఇంత సంతోషం ఆమెకి ఈ మధ్య ఎప్పుడూ లేదు. కోప్పడకూడదన్నాడు గానీ, కోపం ఎక్కడుందో వెతికినా దొరకదు.

నవ్వు అయ్యాక ఒక సందేహం వస్తుంది.

“అయితే నేను లారీ తోలుతుంటే వెనకాల మూటలు పడిపోకుండా పట్టుకోవాల్సింది మీరు కదా. ఒక్క మూటా జారలేదు. మరి పట్టుకున్నదెవరండి?”

“అదే నాకూ తెలీదు. ఎవరో జాలిపడి పట్టుకుంటున్నారనుకున్నాను.”

అప్పుడు ఎవరో తలుపు తడతారు, చాలా నెమ్మదిగా, ఇంట్లోవాళ్లకి ఇబ్బంది కలగకూడదన్నట్టు.

గుమ్మంలో ఒక కొండ నిలబడి ఉంది. కాకినాడలో కొండలు లేవు, కాబట్టి అది చాలా దూరం నుంచి నడిచి వచ్చి ఉండాలి. చెప్పులు గేటు బయట విడిచింది. వాటిని దాటలేక రెండు ఆటోలు ఆగిపోయాయి. దాని నెత్తిన, మబ్బు కింద, మేకలు మేస్తున్నాయి. రెండు చేతులనిండా ఆటలోని లారీ మూటలున్నాయి. ఆట ఆగిపోయిన సాయంత్రం నుంచి వాటిని కింద పెట్టమని దానికి చెప్పినవాళ్లు లేరు.

సూర్యకళ గుమ్మం దగ్గరికి పరుగెడుతుంది.

“అయ్యో, దించెయ్యండి. ఇంక దించెయ్యండి” అంటుంది.

కొండ నడుము వంచి లోపలికి వస్తుంది. గోడలు కాస్త అటూ ఇటూ జరిగి చోటిస్తాయి. అది మూటల్ని ఒక్కొక్కటీ, చప్పుడు కాకుండా, టీపాయ్ పక్కన పెడుతుంది. చివరి మూట దిగాక చేతులు చాచి, మూసి, చూసుకుంటుంది. ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తుంది. ఇంట్లో క్యాలెండర్లన్నీ ఎగిరి మళ్లీ గోడకి ఆనుకుంటాయి.

బరువు దిగిన కొండ నేల మీంచి కొద్దిగా పైకి లేస్తుంది. ఇంకొంచెం లేస్తుంది. మేకలు మేత మానవు.

“కాఫీ తాగి వెళుదురుగాని” అని సూర్యకళ వంటింట్లోకి వెళ్లి పెద్ద గిన్నెలో పాలు పెడుతుంది. ఆమె తిరిగి వచ్చేలోపు ఎగిరిపోకుండా, వీరభద్రం సోఫా అంచున కూర్చుని, కొండ చిటికెనవేలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంటాడు.