చూసి చెప్పండి

ప్యాంటు అంచు కుట్టు విప్పుతూనే రూల్సక్క, దారాల డబ్బాకి ఆనించిన ఫోను వైపు చూసి, పళ్ల మధ్య గుండుసూదులు తీయకుండానే మూలిగింది. మళ్లీ పెట్టాడు మహానుభావుడు. అదే బొమ్మ. అడ్డం తిరిగిన ఫొటో, సగం చీకటి, మూలన ఒక బొటనవేలు. కింద అదే మాట: చూసి చెప్పండి. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆవిడకి. గోడ కూడా చేతికందే దూరంలోనే ఉంది.

బట్టల దుకాణం వెనక, మెట్ల కింద ఉన్న గది అది. లేచి నిలబడాలంటే కాస్త పక్కకి వంగి లేవాలి, లేకపోతే మెట్టు నెత్తికి తగులుతుంది. ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, కొక్కేనికి వేలాడే బట్టలు. ప్రతి బట్టకీ గుచ్చిన చీటీ మీద పొడుగు తగ్గించాలనో, నడుము వదులు చేయాలనో రాసుంటుంది. కొత్త గుడ్డ కత్తిరించే పని ఆవిడకి ఏనాడూ రాలేదు. ఇంకెవరో కుట్టినదాన్ని ఇంకెవరికో సరిపెట్టడంతోనే జుట్టు నెరిసింది. మెడలో టేపు, ముక్కు చివర కళ్లజోడు, చూపుడువేలి కొసన సూది పోట్లు పడీపడీ కాయకాచిన చర్మం. ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరు. ఆ అక్కకి టీవీలో వాళ్ల కష్టాలు చాలు, చెల్లెలి కష్టాలు అక్కర్లేదు.

అలాంటి మనిషి మాట రెండువేలమంది వినే చోటు ఒకటుంది. వింటారని కాదు, వినాలి అని ఉంది. ఫోనులో బొమ్మలు వేసేవాళ్ల గ్రూపు. పెట్టింది ఆవిడే, ఊడ్చేదీ ఆవిడే. రూల్సక్క అన్న పేరు అక్కడ పెట్టిందే. వెనకాల పెట్టారు, తర్వాత మొహం మీదే పిలిచారు.

రూల్సు మరీ ఎక్కువేం కాదు. నీ బొమ్మే పెట్టు, మనవడిది నీదని పెట్టకు. ఫొటో చూసి వేస్తే ఆ ఫొటో ఎవరిదో చెప్పు. వాయిస్ మెసేజులు పెట్టకు, ఇక్కడికి వచ్చేది కళ్లతో చూడ్డానికి. ఫ్రేములు అమ్మకు. అన్నిటికన్నా పెద్ద రూలు ఒక్కటే: బొమ్మ కింద రెండు మాటల్లో ఏదో ఒకటి రాయాలి. ‘చూడండి’ అంటే చూడాలి, నచ్చితే మంచి మాట అనాలి, లేదంటే నోరు మూసుకుని పోవాలి. ‘చెప్పండి’ అంటే తప్పులు చెప్పొచ్చు. అంతే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఈ జనం మాత్రం అడక్కపోయినా సలహాలు వడ్డిస్తారు. ‘బాగుంది, కానీ’ అని మొదలెట్టేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. ఆ ‘కానీ’ దగ్గరే మనిషి చచ్చేది.

ఆ సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈ గ్రూపు పుట్టకముందు, ఇంకో పెద్ద గ్రూపులో, తల్లి చేతులు వేసి పెట్టింది. ఒడిలో పెట్టుకున్న రెండు చేతులు, అంతే బొమ్మ. అమ్మ పోయాక గుర్తున్నవి ఆ చేతులే. ఎన్నో ఆదివారాలు పట్టింది. పెట్టిన కాసేపటికే ఎవడో ఒకడు, బాగుంది కానీ ఇవి చేతులా, అరటిపళ్ల అత్తాలా అన్నాడు. ఇక చూడు, నవ్వే మొహాలు వరసకట్టాయి. ఆవిడ బొమ్మ తీసేసింది, రంగులు అటక మీద పెట్టేసింది. మళ్లీ కుంచె ముట్టలేదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. కోపమే మిగిలింది, దానితోనే ఈ గ్రూపు పెట్టింది.

అందుకే ఈ లిఫ్టు పెద్దాయనతో తల ప్రాణం తోకకొచ్చింది.

పేరు పెట్టుకోవాల్సిన చోట ‘లిఫ్టు ఆపరేటరు, రిటైర్డు’ అని పెట్టుకున్నాడు, అందరూ అదే పిలుస్తున్నారు. ఒక ఆడమనిషి మొహం వేస్తాడు. దాన్నే మళ్లీ దిద్ది, మళ్లీ పెడతాడు. చూడండి అననూ అనడు, చెప్పండి అననూ అనడు. చూసి చెప్పండి అంటాడు. రెండిట్లో ఒకటే రాయండి బాబూ అని ఆవిడ ఎన్నిసార్లు రాసిందో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయన బొమ్మ పడ్డ ప్రతిసారీ కింద కురుక్షేత్రం. ‘చూసి’ అన్నాడు కాబట్టి విమర్శించకూడదని ఒక జట్టు, ‘చెప్పండి’ అన్నాడుగా అని ఇంకో జట్టు. ఏ మాట ముందొస్తే అదే లెక్కని ఒకాయన, చివరి మాటే క్రియ అని ఇంకొకాయన వ్యాకరణం తీశాడు. పెద్దాయన మాత్రం మధ్యలో ఒక్క ముక్క మాట్లాడడు. మర్నాడు బొమ్మ మళ్లీ ప్రత్యక్షం.

నిన్న ఆయిల్ మేడమ్ తేల్చి చెప్పేసింది. ఆయిల్ రంగులు తప్ప మరో రంగు ముట్టని మనిషి, గ్రూపులో సగంమంది ఆవిడ శిష్యులే. ఇవాళ సాయంత్రంలోగా ఆయన్ని తీసేస్తారా, మమ్మల్ని పొమ్మంటారా అని. ఆవిడ వెళ్తే సగం గ్రూపు లేచిపోతుంది. మిగిలేది సూపర్, సూపర్ అనేవాళ్లూ, ఫ్రేములమ్మేవాళ్లూ. రూల్సక్కకి రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ గ్రూపు పోతే ఆవిడకి మెట్ల కింద గదీ, టీవీ ముందు అక్కా మిగులుతారు.

పొద్దున్నంతా దుకాణంలో ఊపిరాడలేదు. పెళ్లికని ఒకాయన కొన్న కోటు భుజాల దగ్గర జారుతోంది, సాయంత్రానికల్లా కావాలట. యజమానురాలు గంటకోసారి వచ్చి అయిందా అని అడిగి వెళ్తోంది. భుజం విప్పి కుట్టడమంటే బొత్తాం కుట్టినట్టనుకుంటారు జనం. లోపలి గుడ్డ విప్పాలి, మెత్త తీయాలి, చెయ్యి మొత్తం ఊడదీసి మళ్లీ ఎక్కించాలి. ఆ మధ్యలో ఫోను మోగుతూనే ఉంది. పెద్దాయన బొమ్మ కింద యుద్ధం మళ్లీ మొదలైంది. ఎవరో రూల్సక్కనే నిలదీశారు: రూలు అందరికీ ఒకటేనా, తాతలకొకటా?

భోజనాల వేళ డబ్బా మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఫోను తీసుకుంది. మంచివాడే పాపం, ఎవర్నీ ఒక్క మాట అనలేదు అనుకుంది. అనడేం, అనకుండానే నా కొంప ముంచుతున్నాడు అని కూడా అనుకుంది. ఆయన పేరు మీద వేలు నొక్కి పట్టింది. తీసేయాలా అని ఫోను అడిగింది. అవునంది. ఆయిల్ మేడమ్ వెంటనే చప్పట్ల బొమ్మలు పెట్టింది. శిష్యులూ పెట్టారు. రూల్సక్క రెండో ముద్ద ముట్టకుండానే డబ్బా మూత పెట్టేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన దగ్గర్నుంచి విడిగా ఆవిడకే ఒక మెసేజు వచ్చుంది. వాయిస్. చూడగానే ఆవిడకి పిచ్చి కోపమొచ్చింది. వాయిస్ వద్దని మొత్తుకుంటుంటే, తీసేశాక కూడా వాయిసే! తిడతాడు, లేదా బతిమాలతాడు. రెండూ వినే ఓపిక లేదు. ఫోను సొరుగులో పడేసి, పైన కత్తెర పెట్టి, సొరుగు మూసేసింది.

కోటు అయ్యేసరికి బయట వీధిదీపాలు వెలిగాయి. పెళ్లికొడుకు తొడుక్కుని చూసుకుని, భుజాలు ఎగరేసి, ముందే ఇలా ఉండాల్సింది అని వెళ్లిపోయాడు. బాగుందని కూడా అనలేదు. రూల్సక్క నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగింది, ఎముకలు టకటకమన్నాయి. మిషను మీద గుడ్డ కప్పి, సంచీ సర్దుకుని, బస్సు కోసం నిలబడ్డప్పుడు, తోచక ఆ వాయిస్ పెట్టి చెవికి ఆనించుకుంది.

ముసలి గొంతు. తొందర లేదు.

“అమ్మా, నన్ను తీసేశారని ఫోను చెప్పింది. మీ తప్పేం లేదమ్మా, నావల్ల గొడవైంది. కానీ నేను రూలు తప్పలేదు. చూడండి అని రాస్తే సగమే అవుతుంది, చెప్పండి అని రాసినా సగమే. నాకు చూపు పోయిందమ్మా. అంచుల్లో కొంచెం వెలుతురు తెలుస్తుంది, అంతే. నేను వేసిన మొహాన్ని చూసేదీ మీరే, చెప్పేదీ మీరే కావాలి.”

బస్సొచ్చింది. ఎక్కలేదు ఆవిడ.

గొంతు కాస్త సర్దుకుని మళ్లీ మొదలెట్టింది. ఆ బొమ్మ ఆయన భార్యది. ఉన్నన్నాళ్లూ లిఫ్టులో నిలబడి పైకీ కిందకీ ఊరేగడమే సరిపోయింది, తీరిక దొరికేసరికి ఆవిడ పోయింది. చూపూ దాని దారి అది చూసుకుంది. రంగుల ట్యూబులు ఎక్కడివక్కడ పెట్టుకున్నాననుకుంటాడు గానీ, ఏది ఏదో గ్యారంటీ లేదు. సాయంత్రం తమ్ముడి కొడుకు వచ్చి వాళ్లూరికి తీసుకుపోతాడు, ఇక అక్కడే. ఆ బొమ్మ వాళ్లింట్లో పెడతారు, చుట్టాలందరూ చూస్తారు.

“గ్రూపులో మీరంతా రాసేది ఫోను చదివి వినిపిస్తుందమ్మా. రోజూ అన్నీ విన్నాను. చూసి అంటే ఏంటి, చెప్పండి అంటే ఏంటి అని బోలెడు చెప్పారు. మొహం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ నలుగురిలో నవ్వులపాలు కాకూడదు, అంతే నా బాధ. రంగు ఎక్కడ తప్పిందో ఒక్కరు చెప్తే కారొచ్చేలోగా దిద్దేసుకుంటా. దగ్గర్లో ఎవరైనా ఉంటే వచ్చి చెప్పినా సరే.”

చివర్లో ఇల్లు గుర్తులు చెప్పాడు. మూతపడ్డ సినిమాహాలు వెనక సందు, నీళ్ల ట్యాంకు పక్క మేడ, కింది వాటా. రూల్సక్కకి ఆ సందు తెలుసు. రోజూ బస్సు దాని ముందునుంచే పోతుంది.

ఆయన నంబరు నొక్కింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ఇంకో బస్సు రాగానే ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడి, ఒక చేత్తో పెద్దాయన బొమ్మ తెరిచింది. ఫోను అడ్డం తిప్పి, వేళ్లతో పెద్దది చేసి, చూసింది. ఇన్నాళ్లూ కింద ఉన్న మాటే చదివి మండిపడింది గానీ, పైనున్న మొహాన్ని ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. యాభై దాటిన మనిషి. ఏదో అనబోయి ఆగినట్టున్న పెదాలు. ఎడమ బుగ్గ మాత్రం ఆకుపచ్చగా ఉంది, గోధుమరంగనుకుని ఆకుపచ్చ తీశాడు కాబోలు. కళ్లు మాత్రం ఎంత బాగున్నాయంటే ఆవిడకి సిగ్గేసింది. ఛీ, నా బతుకు, అంది పైకే. పక్కనున్నాయన జరిగి నిలబడ్డాడు.

సందులోకి దాదాపు పరిగెత్తింది. కింది వాటా తలుపు దగ్గరగా వేసుంది. మళ్లీ ఫోను చేసింది. తలుపు అవతల మోగింది. ఉన్నాడు, అమ్మయ్య అనుకుని తలుపు తట్టింది. ఫోను మోగి మోగి ఊరుకుంది. పై వాటా ఆవిడ చీపురు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతూ, ఎవరు కావాలని అడిగింది.

పెద్దాయన ఇందాకే వెళ్లిపోయాడట. కారు వెళ్లి ఎంతోసేపు కాలేదు. బొమ్మని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. పాపం మధ్యాహ్నం నుంచీ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరో వస్తారన్నాడు, ఎవరూ రాలేదు అంది ఆవిడ. మీరేనా ఆ వచ్చేది అని అడిగింది. రూల్సక్క తల ఊపింది. అవునన్నట్టో కాదన్నట్టో ఆవిడకే తెలియలేదు.

“ఫోను తీసుకెళ్లలేదా?”

“వద్దన్నాడమ్మా. రోజంతా వాగుతుండేది ఆ ఫోను, మాకు పైకి కూడా వినపడేది. ఇవాళ మధ్యాహ్నం నుంచి నోరు మూసేసింది. ఇక ఇందులో మనతో మాట్లాడేవాళ్లు లేరులే అని అక్కడే పెట్టేశాడు.”

తమ్ముడి కొడుకు నంబరు పై వాటా ఆవిడ దగ్గర లేదు. ఊరు పేరూ సరిగ్గా తెలియదు. నంబరు ఆ ఫోనులోనే ఉంటుంది. ఫోను తెరవాలంటే ఆయన వేలు కావాలి. ఇంటివాళ్లనడిగి కనుక్కుంటాలే, రేపో ఎల్లుండో చెప్తా అంది ఆవిడ. రేపో ఎల్లుండో అంటే చుట్టాలందరూ చూసేసి ఉంటారు. ఊడ్చేదాకా కూర్చోండి అని తలుపు తెరిచి, తను చీపురుతో లోపలి గదిలోకి వెళ్లింది.

ముందు గది ఖాళీగా ఉంది. నేలమీద రంగు చుక్కలు ఎండి అంటుకుపోయాయి. నూనె వాసన ఇంకా పోలేదు. కిటికీ కింద స్టూలు మీద ఫోను, చార్జరు వైరు ఇంకా తగిలించే ఉంది. రూల్సక్క నేలమీద కూలబడింది. కళ్లజోడు తీసి పైటతో కాదు, టేపు కొసతో తుడుచుకుంది, మెడలో అదింకా వేలాడుతూనే ఉంది. తర్వాత తన ఫోను తీసి పెద్దాయన్ని మళ్లీ గ్రూపులో చేర్చింది. ఆయన బొమ్మని నిలువుగా తిప్పి, తనే పెట్టింది. ఆయనకి చూపు లేదని రాసింది. ఎడమ బుగ్గ ఆకుపచ్చగా ఉందని, దిద్దాలని, కళ్లు నేనెక్కడా చూడనంత బాగున్నాయని రాసింది. మీరూ చూసి చెప్పండి అని రాసింది. ఆయన వినడని తెలిసీ రాసింది. ఏడుస్తూ రాసింది.

స్టూలు మీద ఫోను వెలిగింది. ఎవరి గొంతూ కాని ఆ చదివే గొంతుతో ఆవిడ రాసిందంతా చదివింది. లోపలి గదిలో చీపురు చప్పుడు ఆగింది. ఆయిల్ మేడమ్ అంది, నీడలో కాస్త ఎరుపు కలిపితే బుగ్గ సరిపోతుంది, పెదాలు ముట్టుకోవద్దు. ఇంకెవరో అన్నారు, నుదురు చక్కగా వచ్చింది. వ్యాకరణం తీసినాయన అన్నాడు, ఈవిడ ఇప్పుడే నవ్వబోతోంది. స్టూలు మీది ఫోను ఒక్కటీ వదలకుండా, ఒకదాని వెనక ఒకటి, ఖాళీ గదికి చదివి వినిపిస్తూనే ఉంది.