పక్క పోగు

ఆ పొద్దు బమ్రోలి మీద ఆకాశం గంజి పెట్టి ఆరేసిన ముతక బట్టలా ఉంది. వానా లేదు, ఎండా లేదు.

అంబదాస్ అప్పటికే మగ్గం వెనక వంగి తెగిన పోగును వెతుకుతున్నాడు. అన్ని పోగుల్లోనూ తెగినదాన్ని కళ్ళకన్నా ముందు అతని వేళ్ళే పట్టుకుంటాయి. మధ్యవేలి కొసన పోగు కోసిన గాటు, నూనె ఇంకి నల్లబడింది. పక్క మగ్గాలు నడిపేది రవీంద్ర. ఇద్దరూ సిరిసిల్ల దగ్గర ఒకే ఊరి నుంచి మగ్గాల పనికి ఈ గుజరాతీ ఊరికి వచ్చినవాళ్ళు, వరసకు బావాబావమరుదులు. అంబదాస్ భార్య పోయినప్పటి నుంచి కూతురు సింధూజతో కలిపి ముగ్గురిదీ ఒకే పొయ్యి.

ఈవేళ రవీంద్ర మగ్గాలు ఆగి ఉన్నాయి. ఊరికి తిరిగి పోవడానికి సంచి సర్దుకుని గడపలో కూర్చున్నాడు. బయట గోడకు సర్కారు కాగితం అంటించారు. మగ్గాలు మూసేస్తారట అని గల్లీ అంతా ఒకటే మాట.

టిఫిన్ తెచ్చిన సింధూజ గోడ దగ్గర ఆగి, ఆ గుజరాతీ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

“ఇండ్ల నడుమ కొత్త మగ్గాలకు పర్మిషన్ ఇయ్యరంట మామా. గంతే ఉంది.”

“కొత్తయి వద్దంటే పాతయి తీసేసుడే గదా బిడ్డా!” అన్నాడు రవీంద్ర.

“పోగు తెగితే దేనికి ముడేస్తవ్?” అడిగింది సింధూజ.

“దాని కొసకే.”

“పక్క పోగుకేస్తే?”

“సేటు నా ఏడు తరాలను యాద్ జేస్తడు.”

“మరి గిప్పుడు చేసింది గదే. కొత్తయన్న మాటకు పాతయి ముడేసినవ్.”

అంబదాస్ చెయ్యి ఆగిపోయింది. ముడి వేయడం వేళ్ళ పని అనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఈ పిల్ల మాటల్లో తెగిన చోటును తడిమి పట్టుకుంది.

“అంటే మనయి ఉంటయన్నట్టే!” అన్నాడు సంబరంగా.

“గది గూడ దాంట్ల లేదు నాయినా. తీస్తరనీ లేదు, ఉంచుతరనీ లేదు.”

రవీంద్ర సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. “ఉంటయని నువ్వొక్క మాటంటే ఉంట బిడ్డా. గీ వయసుల రోజూ గోడలు చూసుకుంట బతకలేను.”

అను తల్లీ, అన్నట్టు చూశాడు అంబదాస్. సింధూజ కళ్ళు నిండాయి. ఆ మాట మాత్రం అనలేదు. మామను ఆపుకోవడానికైనా పక్క పోగుకు ముడి వేయలేదు. కన్న కూతురి ముందు అంబదాస్‌కు ఎందుకో చేతులు జోడించాలనిపించింది. ఏం చేయాలో తెలియక మళ్ళీ మగ్గం మీదికి వంగాడు.

నడుము ఎత్తి చూసేసరికి గడప ఖాళీగా ఉంది.

సాయంత్రం సింధూజ అలవాటుగా మూడు పళ్ళాలు పరిచి, ఒకటి తీసి లోపల పెట్టింది. గోడ మేకుకు రవీంద్ర వదిలి వెళ్ళిన పోగుల కత్తెర వేలాడుతోంది. దాని పిడికి అతను చుట్టుకున్న తెల్ల పోగు, కొస వదులై, ఫ్యాను గాలికి కదులుతోంది.